ఒప్పుకుంటే పోలా!

తెలుగు సినిమాలు చూసేవాళ్ళలో కోర్టు చూడనివాడంటూ ఎవడైనా ఉంటాడా? ఉండడు. బల్ల మీద సుత్తి దెబ్బ, బోనులో హీరో, భగవద్గీత మీద చెయ్యి, ఆఖరి నిమిషంలో తలుపులు తోసుకుని పరుగెత్తుకొచ్చే సాక్షి – ఇవన్నీ మనకు కంఠతా వచ్చు. ‘సుడిగుండాలు’ (1968) దగ్గర్నుంచి ‘న్యాయం కావాలి’ (1981), ‘బొబ్బిలిపులి’ (1982) దాకా నేను చూసిన కోర్టు సీన్లకి లెక్కే లేదు. అయితే నిజం కోర్టు గుమ్మం నేను మొదటిసారి తొక్కింది కూడా ఒక కోర్టు సినిమా పుణ్యమా అనే! నవ్వకండి. జరిగిందే చెబుతున్నాను.

నల్లకోటు వేసుకుని క్రిమినల్ కోర్టుల చుట్టూ తిరగడం మొదలుపెట్టి ముప్ఫై అయిదేళ్ళు దాటింది. నా దగ్గరికొచ్చే కుర్రాళ్ళు అడిగే ప్రశ్నలు నూరు రకాలు. కానీ తిప్పి తిప్పి చూస్తే అన్నిటికీ అడుగున ఉండేది ఒక్కటే ప్రశ్న. “ఒప్పుకుంటే పోలా సార్? ఎంతో కొంత జరిమానా కట్టేసి ఇంటికి పోవచ్చుగా?”

ఈ ప్రశ్నకి నేను వెంటనే జవాబు చెప్పను. ముందు కూచోమంటాను. మంచినీళ్ళు ఇప్పిస్తాను. ఎందుకంటారా? ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒక స్తంభం, ఆ స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డ ఒక కుర్రాడు కనిపిస్తారు. ఆ కుర్రాడి కథే ఇది.

* * *

1982. నాకు పందొమ్మిదేళ్ళు. బి.కాం. చదువుతున్నాను. మా వూరి పేరు చెప్పను. చెబితే గుర్తుపట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. శ్రీ ఎన్.టి.రామారావు జడ్జిగా వేసిన ‘జస్టిస్ చౌదరి’ విడుదలైన రోజు. మొదటి ఆట చూడకపోతే ఇక బతికి ప్రయోజనం లేదనుకునే వయసు మాది.

ఇప్పటివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. ఫోను మీద వేలు ఆనిస్తే టిక్కెట్టు రావడం అప్పుడు లేదు. నేల టిక్కెట్టు కావాలంటే రెండు గోడల మధ్య, ఒక మనిషి పట్టేంత సందులో, ఒకడి వీపుకి ఒకడు అతుక్కుని నిలబడాలి. చొక్కా పిండితే చెంబెడు చెమట కారేది. తీరా కిటికీ తెరిచిన పది నిమిషాలకే మూసేసేవారు. అదే టిక్కెట్టు బయట బ్లాకులో మూడింతలకి దొరికేది.

ఆ సందులో నా వెనక నిలబడ్డది మా వాడు. పేరు రాయను. ఒకటో తరగతి నుంచీ ఇద్దరం ఒకే బెంచీ. తండ్రి లేడు. వాళ్ళమ్మగారు జాకెట్లు కుట్టి చదివిస్తోంది. నిజానికి వాడు రానంటే రానన్నాడు. “జేబులో ఉన్నవి పరీక్ష ఫీజు డబ్బుల్రా” అన్నాడు. టిక్కెట్టు నేను కొంటానని చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

కిటికీ మూసేశారు. జనం గేటు మీద పడ్డారు. గేటుకీపరు అడ్డం వచ్చి నన్ను వెనక్కి తోశాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. గుద్దాను. అతని పెదవి చిట్లి రక్తం వచ్చింది. మా వాడు వెనకనుంచి నా భుజాలు పట్టుకుని లాగుతున్నాడు. “వద్దురా, వద్దురా” అంటూనే ఉన్నాడు. అంతలో లాఠీలు వచ్చాయి. పారిపోయినవాళ్ళు పారిపోగా దొరికింది మేమిద్దరం.

స్టేషన్లో ఒక కాగితం మా ముందు పెట్టారు. అందులో ఏమీ రాసి లేదు. సంతకాలు పెట్టమన్నారు. పెట్టాం. పెట్టకూడదని మాకెవరు చెప్పారు గనక? పొద్దుగూకాక మా మేనమామ వచ్చి పూచీకత్తు రాసిచ్చి ఇద్దర్నీ విడిపించాడు. అది మా మావయ్య పలుకుబడి అనుకున్నాం. కాదు! మా మీద పెట్టింది బెయిలబుల్ కేసు. అలాంటి కేసులో పూచీకత్తు ఇస్తే విడిచిపెట్టి తీరాలి. అది ఎవరి దయా కాదు, మన హక్కు. ఆ ముక్క నాకు లా కాలేజీలో గాని తెలిసింది కాదు.

ఆ కేసు సెక్షను కూడా చెబుతాను. ఇండియన్ పీనల్ కోడ్ 160. నలుగురూ తిరిగే చోట కొట్లాడుకుని శాంతిని చెడగొట్టడం. మహా అయితే నెల రోజుల జైలు, లేదా వంద రూపాయల జరిమానా, లేదా రెండూ. చట్టం పుస్తకంలో దీనికంటే చిన్న నేరాలు బహు కొద్ది. చిన్నదే గదా అన్న ఆ మాటే మమ్మల్ని ముంచింది.

* * *

కొన్ని వారాల తర్వాత సమన్లు వచ్చాయి. కోర్టు వరండా. నల్లకోట్లు, కాగితాల కట్టలు, చంటిపిల్లలు, బీడీల వాసన. సినిమా కోర్టులా లేదు. మేజిస్ట్రేటుగారి బల్ల మీద సుత్తి లేదు, ఫ్యాను గాలికి ఎగరకుండా ఫైళ్ళ మీద పెట్టిన గులకరాళ్ళున్నాయి. అన్నట్టు మన కోర్టుల్లో జడ్జీలు సుత్తి కొట్టరు. నిందితుణ్ణి కోర్టువారు ప్రశ్నించేటప్పుడు ప్రమాణం చేయించడం కూడా లేదు.

ఒక గుమస్తాగారు మా దగ్గరికి వచ్చారు. చెడ్డమనిషి కాదు. రోజూ చూసే తంతే గనక తేలిగ్గా చెప్పారు. “ఏం లేదు బాబూ, లోపల అడగ్గానే ఒప్పుకున్నానండి అనండి. యాభై రూపాయలు కట్టండి. సాయంత్రం ఆటకి వెళ్ళొచ్చు. లేకపోతే ఏడాది తిరగాలి.”

మా మావయ్య నన్ను పక్కకి తీసుకెళ్ళి ఒక ముసలి ప్లీడరుగారి ముందు నిలబెట్టాడు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి నన్ను ఎగాదిగా చూశారు.

“నీ మీద ఏమని రాశారో చదివావా నాయనా?”

“లేదండి.”

“చదవకుండానే ఒప్పుకుందామనుకున్నావూ? సరే విను. లోపల అయ్యగారు నిన్ను ఒక ప్రశ్న వేస్తారు. ఒప్పుకుంటే అంతటితో అయిపోయినట్టు కాదు. అప్పుడు మొదలైనట్టు. జరిమానా కట్టినవాడూ శిక్ష పడ్డవాడే. జైలుకెళ్ళినవాడే శిక్ష పడ్డవాడనుకోకు. ఇక ఒప్పుకోననడం అబద్ధమాడ్డం కాదు. నువ్వు చేశావని వాళ్ళు రుజువు చెయ్యాలి, చెయ్యమంటున్నావు. అంతే.”

“నేను కొట్టిన మాట నిజమేనండి” అన్నాను నెమ్మదిగా.

“అయితే వెళ్ళి కొట్టించుకున్నవాడికి క్షమాపణ చెప్పుకో. అది నీ ధర్మం. రుజువు చెయ్యడం సర్కారువారి పని. రెండూ కలపకు.”

మా వాడు అక్కడికి పదడుగుల దూరంలో స్తంభం ఆనుకుని నిలబడి ఉన్నాడు. జేబు మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. ఆ జేబులో పరీక్ష ఫీజు ఉంది. వాడికి మావయ్య లేడు, ప్లీడరుగారు లేరు. నేను వెళ్ళి ఆ నాలుగు మాటలూ వాడి చెవిన వేస్తే సరిపోయేది. వెయ్యలేదు.

ఎందుకు వెయ్యలేదు? మా పేర్లు పిలిచేశారని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. పిలిచిన మాట నిజమే. కానీ అంతకుముందు అయిదు నిమిషాలు నాకు దొరికాయి. అసలు సంగతి వేరు. వాడు గనక ‘నేను చెయ్యలేద’ంటే, ‘మరి ఎవరు చేశారు?’ అని అడుగుతారని భయపడ్డాను. నలభై ఏళ్ళ తర్వాత ఈ పత్రికలో రాస్తున్నాను గాని, ఇంతవరకూ మా ఇంట్లో కూడా చెప్పలేదు.

వాణ్ణి ముందు పిలిచారు. “ఒప్పుకుంటావా?” “ఒప్పుకుంటున్నానండి.” యాభై రూపాయలు. రెండు నిమిషాలు పట్టలేదు. తరవాత నన్ను. “ఒప్పుకోనండి” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను. వాయిదా వేశారు.

బయటికొచ్చాక వాడి మొహం తేలికపడింది. “ఫస్టు షోకి పోదామా? ఇంకా ఆడుతూనే ఉంది” అన్నాడు. నేను వెళ్ళలేదు.

* * *

నా కేసు పధ్నాలుగు నెలలు నడిచింది. తొమ్మిది వాయిదాలు తిరిగాను. చివరికి గేటుకీపరు బోనెక్కి, ఆ గుంపులో తనని కొట్టిందెవరో చూడలేదన్నాడు. కేసు కొట్టేశారు. మర్నాడు ప్లీడరుగారి మాట గుర్తొచ్చి థియేటరుకి వెళ్ళాను. గేటు దగ్గర అతన్ని కలుసుకుని, “ఆ రోజు మిమ్మల్ని కొట్టింది నేనేనండి. క్షమించండి” అన్నాను.

అతను నా వంక వింతగా చూశాడు. “నువ్వా! ఆ రెండో కుర్రాడనుకున్నానే! కోర్టులో ఒప్పుకున్నాడుగా?”

చూశారా! ఒప్పుకోవడమంటే అదీ. కొట్టినవాడు నిర్దోషి. కొట్టొద్దని భుజం పట్టి లాగినవాడు శిక్ష పడ్డవాడు. దెబ్బ తిన్న మనిషి కూడా వాడే అనుకున్నాడు.

1986లో మా వాడికి ఒక ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం వచ్చింది. పెళ్ళయిన కొత్త. వాళ్ళమ్మగారు వీధంతా పంచదార పంచింది. చేరేముందు ఒక ఫారం నింపమన్నారు. ‘ఎప్పుడైనా క్రిమినల్ కేసులో శిక్ష పడిందా?’ అన్న గడిలో వాడు ‘లేదు’ అని రాశాడు. దాచాలని కాదు. యాభై రూపాయలు కట్టడం శిక్షని వాడికి తట్టనే లేదు. సైకిలుకి లైటు లేకపోతే కట్టే డబ్బులాంటిదే అనుకున్నాడు. విచారణకి వచ్చినవాళ్ళు కోర్టు రిజిస్టరు తిరగేశారు. శిక్ష ఉంది, పైగా దాచిపెట్టాడు అని రాశారు. ఉద్యోగం చేతిదాకా వచ్చి జారిపోయింది.

అప్పటికి నేను లా కాలేజీలో ఉన్నాను. పుస్తకాలన్నీ ముందేసుకుని దారి వెతికాను. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 375 సెక్షను చదివాక పుస్తకం మూసేశాను. నేరం ఒప్పుకోగా పడ్డ శిక్ష మీద, ఆ శిక్ష ఎక్కువైందనో చట్టవిరుద్ధమనో తప్ప, నేను చెయ్యలేదని అప్పీలు చేసుకునే వీలు లేదు. ఇప్పటి కొత్త చట్టంలోనూ అదే మాట 416వ సెక్షనుగా ఉంది.

ఇంకా బాధ కలిగించిన సంగతి మరొకటుంది. 1958లో వచ్చిన ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్టు అని ఒక చట్టం ఉంది. మొదటిసారి చిన్న నేరంలో ఇరుక్కున్నవాణ్ణి, నేరం నిజంగా రుజువైనా సరే, మందలించి పంపించెయ్యొచ్చు. లేదా సత్ప్రవర్తనకి బాండు రాయించుకుని వదిలెయ్యొచ్చు. ఇరవై ఒక్క ఏళ్ళ లోపువాళ్ళని జైలుకి పంపే ముందు ప్రత్యేకంగా ఆలోచించమని కూడా అందులో ఉంది. ఆ చట్టం కింద విడిచిపెడితే, శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదని 12వ సెక్షను చెబుతోంది. అంటే నిజంగా తప్పు చేసి, ఆ తప్పు ఒప్పుకుందామనుకునేవాడికీ ఒక గౌరవమైన దారి ఉంది. ఆ రోజు ‘అయ్యా, ఈ కుర్రాడికి పందొమ్మిదేళ్ళు, ఆ చట్టం వర్తింపచెయ్యండి’ అని అడిగే నోరు ఒక్కటుంటే చాలు. అడిగేవాళ్ళు లేరు.

మా వాడు ఒక థియేటర్లో ఆపరేటరుగా చేరాడు. రీళ్ళు పోయి డిజిటల్ వచ్చేదాకా అక్కడే ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. పండక్కి కనబడితే “ఏరా ప్లీడరూ” అని నవ్వేవాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా నాకు స్తంభం కనిపించేది.

* * *

అందుకే ఇప్పుడు కుర్రాళ్ళు వచ్చి అడిగితే విసుక్కోను. వాళ్ళడిగేవి కొన్ని మీకూ చెబుతాను. ఎప్పుడు ఎవరికి అవసరమొస్తుందో! ఒక సంగతి గుర్తుంచుకోండి. 2024 జూలై 1 నుంచి పాత పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, పాత ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చాయి. నంబర్లు మారాయి గాని నేను చెప్పే హక్కులు మారలేదు.

“పోలీసులు నన్ను పట్టుకుపోతే ఎంతసేపు ఉంచుకోవచ్చు సార్?” – ప్రయాణానికి పట్టే సమయం పోను 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఎందుకు అరెస్టు చేశారో చెప్పాలి. మీకు నచ్చిన వకీలుతో మాట్లాడుకోనివ్వాలి. ఇది ఏ సెక్షనులోనో దాక్కున్న మాట కాదు, రాజ్యాంగం 22వ అధికరణం. అరెస్టుకి సాక్షి సంతకంతో కాగితం రాయాలనీ, మీవాళ్ళకి కబురు చెయ్యాలనీ 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆడపిల్లలని పొద్దుగూకాక, తెల్లవారకముందు మామూలుగా అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి.

“స్టేషనుకి రమ్మని నోటీసు ఇచ్చారు. పోతే లోపలేస్తారా? పోకపోతే మంచిదా?” – పోకపోవడమే ప్రమాదం. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో చీటికీమాటికీ అరెస్టు చెయ్యొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. నోటీసు ఇచ్చేది అందుకే. ఆ నోటీసు ప్రకారం నడుచుకుంటున్నంతకాలం, కారణాలు రాసి చూపిస్తే తప్ప అరెస్టు చెయ్యరాదు. ఒక వకీలుని కలుసుకుని, చెప్పిన రోజున వెళ్ళండి.

“సంతకం పెట్టమంటే?” – తెల్లకాగితం మీద ఎవరు అడిగినా పెట్టకండి. దర్యాప్తులో మీరు చెప్పిన మాటని పోలీసులు రాసుకుంటే దాని మీద మీ సంతకం తీసుకోకూడదనే చట్టం చెబుతోంది. పూచీకత్తు బాండు, అరెస్టు కాగితం లాంటి వాటి మీద సంతకం ఉంటుంది. వాటినైనా చదివి, తేదీ వేసి పెట్టండి.

“భయపడి పోలీసుల దగ్గర ఒప్పేసుకున్నాను సార్, ఇక అయిపోయినట్టేనా?” – కాదు. పోలీసు అధికారికి చెప్పిన ఒప్పుకోలు కోర్టులో మీ మీద రుజువుగా పనికిరాదు. పాత ఎవిడెన్స్ యాక్టులోనూ ఉంది, కొత్తదాంట్లోనూ ఉంది. మీరు చెప్పినదాన్ని బట్టి ఒక వస్తువు దొరికితే ఆ మేరకు మాట చెల్లుతుంది, అది వేరు. కానీ కోర్టులో మేజిస్ట్రేటుగారు అడిగినప్పుడు తల ఊపితే మాత్రం అది రాయి మీద గీత. సినిమాల్లో దీనికి తలకిందులుగా చూపిస్తారు. స్టేషన్లో ఒప్పుకోకుండా దెబ్బలు తిన్న హీరో, కోర్టులో ఎవరి కోసమో ‘ఆ నేరం నేనే చేశాను’ అంటాడు. తెర మీద చప్పట్లు కొడతాం. నిజంలో అలా అనకండి.

“బెయిలు వచ్చిందిగా, కేసు పోయినట్టేగా?” – పోలేదు. బెయిలంటే పిలిచినప్పుడు వస్తానన్న మాట. ఆ మాట తప్పితే వారంటు వస్తుంది. వాయిదాకి ఎగ్గొట్టడం ఇంకో నేరం కూడా. ఒంట్లో బాగాలేకపోతే వకీలు చేత ముందే పిటిషను వేయించండి.

“లాయరుకి నిజం చెబితే బయటపెడతాడేమో?” – మీరు నమ్మి చెప్పిన మాట మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని చట్టమే ఆయన నోరు కట్టేసింది. ఇకముందు చెయ్యబోయే నేరానికి సాయమడిగితే మాత్రం ఆ రక్షణ లేదు. అబద్ధం చెప్పిన కక్షిదారుడి వల్ల ఓడిపోయిన కేసులు నేను చాలా చూశాను.

“డబ్బుల్లేవు సార్” – అందుకే న్యాయసేవాధికార సంస్థలున్నాయి. ప్రతి జిల్లా కోర్టులోనూ ఉంటుంది. 15100కి ఫోను చెయ్యొచ్చు. ఆడవాళ్ళకీ, పిల్లలకీ, షెడ్యూల్డు కులాలు, తెగలవారికీ, కస్టడీలో ఉన్నవాళ్ళకీ, ఆదాయం తక్కువున్నవాళ్ళకీ ఉచితంగా వకీలుని ఇస్తారు. మీరు అడగలేదు గనక ఇవ్వలేదు అనడానికి కూడా వీల్లేదని 1986లోనే సుఖ్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1986! మా వాడి ఉద్యోగం పోయిన ఏడాదే.

“ఉద్యోగం ఫారంలో రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?” – తెలుస్తుంది. అడిగినదానికి ఉన్నదున్నట్టు రాయండి. కేసు నడుస్తోందంటే నడుస్తోందని, కొట్టేశారంటే కొట్టేశారని. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. అయితే చిన్న వయసులో జరిగిన అల్పమైన నేరమైతే, దాచినా కూడా, పై అధికారులు క్షమించి వదిలెయ్యొచ్చు. ఆ తీర్పు ముప్ఫై ఏళ్ళు ముందొచ్చి ఉంటే! అమెరికా వీసా దరఖాస్తులో కూడా ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు. కొడుకుని పై చదువులకి పంపుదామనుకునే తండ్రులు ఆ గడి దగ్గరికొచ్చాక నా దగ్గరికొస్తారు. అప్పుడు నేను చేసేది బహు తక్కువ.

ఇక సినిమా చూసేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. థియేటర్లో కూచుని ఫోనుతో సినిమా రికార్డు చెయ్యడం సరదా అనుకుంటున్నారేమో! 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం తక్కువలో తక్కువ మూడు నెలల జైలు, మూడు లక్షల జరిమానా. ఎక్కువైతే మూడేళ్ళ దాకా జైలు. సినిమా అయ్యాక తాగి బండి నడిపితే మొదటిసారే పదివేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ‘ఒప్పుకుని ఫైను కట్టేశాం’ అని నవ్వుతూ బయటికొచ్చేవాళ్ళు రోజూ కనిపిస్తారు. ఆ నవ్వు నాకు తెలుసు. ఫస్టు షోకి పోదామా అన్న నవ్వే అది.

తప్పు చేసి ఒప్పుకోవద్దని నేను చెప్పడం లేదు. నిజంగా చేసినవాడు, పశ్చాత్తాపపడ్డవాడు ఒప్పుకోవచ్చు. కొన్ని కేసుల్లో రాజీకి దారి ఉంది, ప్రొబేషనుకి దారి ఉంది. కానీ ముందు ఛార్జిషీటు చదవండి. దాని నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. ఏది ఒప్పుకుంటున్నారో, దాని వెనక ఏమేం వస్తాయో ఒక వకీలుని అడగండి. ఆ తర్వాత తల ఊపండి.

* * *

గత ఏడాది ఒక సాయంత్రం మా వాడు నా ఆఫీసుకి వచ్చాడు. వెంట కూతురి కొడుకు. కొత్తగా కాలేజీలో చేరాడు. బెనిఫిట్ షో దగ్గర ఫ్లెక్సీల గొడవలో రెండు గుంపులు కొట్టుకున్నాయి. ఈ కుర్రాడికీ నోటీసు వచ్చింది. కొత్త చట్టంలో 194వ సెక్షను. మా పాత 160 అన్నమాట. జరిమానా మాత్రం వంద నుంచి వెయ్యికి పెరిగింది.

“ఒప్పుకుని ఫైను కట్టేస్తే అయిపోద్దంట తాతగారూ. మా వాళ్ళందరూ అలాగే చేస్తన్నారు” అన్నాడు కుర్రాడు ఫోను వంక చూస్తూ.

నేను మా వాడి వంక చూశాను. వాడు గోడవారగా బెంచీ మీద కూచుని ఉన్నాడు. చెయ్యి జేబు మీదుంది.

“ఫోను లోపల పెట్టి నా మాట విను నాయనా” అన్నాను. ముసలి ప్లీడరుగారి మాటలు ఒక్కటీ తప్పిపోకుండా చెప్పాను. చదవకుండా ఒప్పుకోవద్దన్నాను. జరిమానా కట్టినవాడూ శిక్ష పడ్డవాడేనన్నాను. ఒప్పుకోననడం అబద్ధం కాదని, రుజువు చెయ్యమనడమని చెప్పాను. ఎవరినైనా నిజంగా కొట్టి ఉంటే ముందు వెళ్ళి క్షమాపణ చెప్పుకోమన్నాను. చెబుతున్నది మనవడికే అయినా నా కళ్ళు తాతనే చూస్తున్నాయి.

కుర్రాడు నోటీసు జిరాక్సు తీయించడానికి కిందకి దిగాడు. మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగాడు.

“ఆ రోజు ఆ ముసలాయన నీకు చెప్పింది ఇదేనా?”

“ఇదే.”

“ఇంతేనా?”

“ఇంతే.”

“నాకు చెప్పలేదేంరా?”

నలభై ఏళ్ళలో మొదటిసారి అడిగాడు. పిలుపొచ్చిందని చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. “భయపడ్డాను” అన్నాను.

వాడు తల ఊపాడు. లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “సరే. వాడి కేసు మాత్రం జాగ్రత్తగా చూడు. ఫీజు ఎంతో చెప్పు, ఊరికే వద్దు” అన్నాడు.

ఫీజు తీసుకోనంటే వాడు ఒప్పుకోలేదు. యాభై రూపాయలు తీసుకున్నాను. కుర్రాడి కేసు ఇంకా నడుస్తోంది. వచ్చే నెల వాయిదా.